నర్మదా పరిక్రమకి బయల్దేరుతున్నారా, మొదటి వారం ఇలా నడవండి

పరిక్రమ చేసొచ్చాక నన్ను అందరూ అడిగేది ఒకటే, రోజుకి ఎన్ని కిలోమీటర్లు నడిచారండీ అని. శూల్‌పాణి ఝాడీ అనే అడవిలో భయం వేయలేదా, సముద్రం దగ్గర పడవ ఎలా ఉంటది, ఇవి కూడా అడుగుతారు. మొదటి వారం గురించి మాత్రం ఒక్కరూ అడగరు. కానీ మనిషి ఆగిపోయేది అక్కడే. మాతో పాటు అదే రోజు సంకల్పం చేసుకున్న పదకొండు మందిలో ముగ్గురు వారం తిరక్కుండానే బస్సెక్కి ఇంటికెళ్ళిపోయారు, వాళ్ళకి భక్తి తక్కువేం కాదు, నాకంటే ఎక్కువే, కాళ్ళు పాడైపోయాయి అంతే. అందుకే ఆ ఏడెనిమిది రోజుల గురించే రాస్తున్నా, మిగతా నెలల సంగతి నడిచేకొద్దీ మీకే తెలిసిపోద్ది.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. నర్మద అమరకంటక్‌లో పుట్టి 1312 కిలోమీటర్లు పడమరకి పారి ఖంభాత్ సింధుశాఖ దగ్గర సముద్రంలో కలుస్తది. పరిక్రమ అంటే నది ఎప్పుడూ మన కుడి చేతి వైపే ఉండేలా ఒక ఒడ్డున వెళ్ళి రెండో ఒడ్డున తిరిగి రావడం, మధ్యలో ఎక్కడా నదిని దాటకూడదు. ఒక్క సముద్రం దగ్గర మాత్రం పడవలో అవతలి ఒడ్డుకి వెళ్తాం. రెండు ఒడ్లూ కలిపితేనే 2600 దాటుద్ది, డ్యాముల వెనక నీళ్ళ చుట్టూ తిరగడాలు కలుపుకుంటే ఇంకా చాలా ఎక్కువ. పాత పద్ధతిలో 3 ఏళ్ళ 3 నెలల 13 రోజులు, చాతుర్మాస్యంలో నడక ఆపి ఒకే చోట ఉండిపోతారు. ఇప్పుడు ఎక్కువమంది కార్తీకంలో ఏకాదశి అయ్యాక మొదలెట్టి ఎండలు ముదిరేలోపు, లేదంటే వానలు పడేలోపు పూర్తి చేస్తున్నారు. ఎక్కడ మొదలెట్టినా తప్పులేదు కానీ చాలామంది ఓంకారేశ్వర్ నుంచే మొదలెడతారు, నేనూ అంతే, అందుకని కింద రాసేదంతా ఓంకారేశ్వర్ నుంచి దక్షిణ తటం మీద పడమరకి వెళ్ళే దారి గురించే.

ఓంకారేశ్వర్‌కి సంకల్పం రోజుకంటే కనీసం రెండు రోజులు ముందే చేరుకోండి. ఇండోర్ నుంచి 80 కిలోమీటర్ల దాకా ఉంటది, బస్సులు ఉన్నాయి, రైల్లో వచ్చేవాళ్ళు ఖండ్వాలో దిగి బస్సెక్కొచ్చు. ఎందుకు ముందే అంటే, ఓంకారేశ్వర జ్యోతిర్లింగం ఉండేది నది మధ్యలో మాంధాతా ద్వీపం మీద, ఒక్కసారి సంకల్పం అయిపోయిందంటే ఇక ఆ బ్రిడ్జి ఎక్కడానికి లేదు, నదిని దాటినట్టే లెక్క. దర్శనమైనా, ద్వీపం చుట్టూ ఏడు కిలోమీటర్ల ప్రదక్షిణైనా, ఆ కొండమీద 2023లో పెట్టిన శంకరాచార్యుల పెద్ద విగ్రహమైనా అన్నీ ముందే చూసుకోండి. ఇది తెలియక పొద్దున్నే గోముఖ్ ఘాట్‌లో సంకల్పం చేసేసుకుని తర్వాత అయ్యో ఓంకారేశ్వరుడి దర్శనం అవలేదే అని ఏడ్చిన ఒక పెద్దావిడని చూశా. మమలేశ్వర్ గుడి మాత్రం ఇటు దక్షిణ ఒడ్డునే ఉంది, సంకల్పం అయ్యాక కూడా అక్కడికి వెళ్ళొచ్చు.

ఆ రెండు రోజుల్లోనే కాగితాల పని కూడా చూసుకోవాలి. పరిక్రమవాసి అని రాసిచ్చే పత్రం ఒకటి తీసుకోండి, ఆధార్ కాపీలు నాలుగైదు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు నాలుగైదు దగ్గర పెట్టుకోండి. దారిలో ఆశ్రమాల వాళ్ళు దానిమీద ముద్ర వేస్తారు, కొన్నిచోట్ల రాత్రికి ఉండనివ్వాలంటే అదే అడుగుతారు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఛాతీకి దగ్గరగా ఉండే జేబులో పెట్టుకోండి, బ్యాగ్ అడుగున పెడితే ప్రతి సాయంత్రం మొత్తం ఖాళీ చేయాల్సొస్తది.

సంకల్పం ఘాట్ మీద పంతులుగారే చేయిస్తారు. గుండు చేయించుకునేవాళ్ళు చేయించుకుంటారు, స్నానం, నర్మదా మయ్యాకి, అంటే నర్మదమ్మకి పూజ, తర్వాత కన్యాపూజ చేసి చిన్నపిల్లలకి హల్వా పెడతారు, దాన్ని అక్కడ కడాయి అంటారు, కడాయి చేశారా అని ఎవరైనా అడిగితే వంటపాత్ర గురించి కాదు ఆ ప్రసాదం గురించి. చిన్న సీసాలో నర్మద నీళ్ళు నింపిస్తారు. ఆ సీసానే ఇక మీ దేవుడి గది అనుకోండి, రోజూ పొద్దున సాయంత్రం దానికే పూజ, నది కనపడిన చోట అందులోంచి కొంచెం వదిలి కొంచెం కొత్త నీళ్ళు నింపుకుంటారు. గాజు సీసా వద్దు. మూత బిగుతుగా ఉండే గట్టి ప్లాస్టిక్‌దో స్టీలుదో తీసుకోండి, మెడలో వేసుకునే చిన్న గుడ్డ సంచీ ఒకటి కుట్టించుకోండి, బాత్రూముకెళ్ళేటప్పుడు తీసి పక్కనవాళ్ళ దగ్గర పెట్టడానికి వీలుగా ఉంటది.

ఇప్పుడు బ్యాగ్. నేను ఇంటి దగ్గర తూచుకున్నప్పుడు 11 కిలోలు, తగ్గించడానికి ఏమీ లేదు అనుకున్నా, అన్నీ అవసరమే అనిపించాయి. రెండోరోజు మధ్యాహ్నానికి ఒక చింతచెట్టు కింద కూర్చుని అన్నీ బయటపెట్టి ఒక్కోటి చేత్తో పట్టుకుని చూశా, ఇది నిన్నటినుంచి వాడానా లేదా అని. మూడో జత బట్టలు, రెండో తువ్వాలు, పెద్ద టార్చి, రెండు పుస్తకాలు, అల్యూమినియం గిన్నెల సెట్టు, స్పేర్ చెప్పులు కాక ఇంకో జత షూ, ఇవన్నీ ఒక గోనెసంచీలో కట్టి పార్సిల్ వేసేశా. ఆరు కిలోలకి వచ్చింది, ఆ సాయంత్రం నడక వేరే మనిషి నడిచినట్టు ఉంది. మీ బరువులో పదో వంతు మించకుండా చూసుకోండి, నీళ్ళతో కలిపి.

ఉండాల్సినవి చెప్తా. ఒంటిమీద ఒక జత, బ్యాగులో ఒక జత, తెల్లవి లేదా లేత రంగువి, తొందరగా ఆరేవి. పల్చటి చాప, ఒక మంచి దుప్పటి లేదా తేలికపాటి స్లీపింగ్ బ్యాగ్, పగలు ఎండగానే ఉన్నా నది పక్కన తెల్లారుజామున మంచు పడి చలి బాగా ఉంటది, ఉన్ని టోపీ మర్చిపోవద్దు. పళ్ళెం, గ్లాసు, చిన్న గిన్నె ఒకటి. తలకి పెట్టుకునే లైటు, పవర్ బ్యాంకు. మందుల్లో ఓఆర్ఎస్, జ్వరానికి, విరేచనాలకి, కాళ్ళకి టేపు, సూది, అయోడిన్ మందు. చేతికర్ర తప్పకుండా. కుక్కలకీ పనికొస్తది, బురదలో లోతు చూడ్డానికీ పనికొస్తది, మోకాళ్ళమీద బరువు తగ్గుద్ది. డబ్బులు కొంచెం చిల్లర నోట్లు ఉంచుకోండి, డబ్బు ముట్టుకోకుండా చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ నియమం వేరు, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేనైతే అది చెప్పను.

కాళ్ళ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోవద్దు, ఈ మొత్తంలో ముఖ్యమైంది ఇదే. షూ మీ సైజు కంటే కనీసం అర సైజు పెద్దది తీసుకోండి, రోజంతా నడిస్తే పాదాలు ఉబ్బుతాయి, మధ్యాహ్నానికి వేళ్ళు ముందుకి గుద్దుకుని గోళ్ళు నల్లబడతాయి. కొత్త షూతో మొదలెట్టొద్దు, కనీసం నెల రోజులు అదే షూతో, అదే బ్యాగు వేసుకుని ఇంటి దగ్గర నడిచుండాలి. గోళ్ళు పొట్టిగా తీసుకోండి. బొబ్బ ఎందుకొస్తదంటే రాపిడి వల్ల, దానికి తడి, వేడి తోడైతే ఇంకా తొందరగా వస్తది, ఈ మూడింటినీ ఎంత తగ్గించుకుంటే అంత మంచిది. నర్మద ఒడ్డున ఈ మూడూ పుష్కలం, ఇసక షూలోకి వెళ్తది, పొలాల్లో నీళ్ళు పెట్టినచోట నల్లమట్టి అరికాలికి అట్టలు కట్టి ఒక్కో షూ కిలో బరువైపోద్ది, వాగుల్లో దిగి మళ్ళీ తడి కాలితోనే సాక్స్ వేసేసుకుంటాం.

నేను చేసేది ఇది. గంటకోసారి ఆగి షూ, సాక్స్ రెండూ విప్పేస్తా, పది నిమిషాలు పాదాలు గాలికి. సాక్స్ లోపలివైపు బయటకి తిప్పి బ్యాగుమీద ఆరేస్తా, ఇంకో జత వేసుకుంటా. వేళ్ళ మధ్య చేత్తో తడిమి ఇసక రేణువు ఒక్కటి కూడా లేకుండా దులుపుకుంటా, చూస్తే కనపడదు, చేత్తో తడిమితేనే తెలుస్తది. మడమ దగ్గర ఎక్కడన్నా చిన్న మంటలాగా అనిపించిందా, అప్పుడే, ఆ క్షణమే ఆగి టేపు వేయాలి. వచ్చే ఊళ్ళో చూద్దాంలే అనుకుంటే అయిపోయినట్టే. నేను అలాగే అనుకున్నా, ఊరు రెండు కిలోమీటర్లే కదా అని, ఆ రెండు కిలోమీటర్లలో రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది, దాన్ని తగ్గించుకోడానికి ఒక ఆశ్రమంలో రెండు రాత్రులు ఉండాల్సొచ్చింది. బొబ్బ వచ్చేస్తే చిన్నదైతే ముట్టుకోకుండా టేపు వేసి వదిలేయండి, పెద్దదై నడవలేకపోతే చేతులు కడుక్కుని, శుభ్రం చేసిన సూదితో అంచున గుచ్చి నీరు తీసేసి మందు రాసి కట్టండి, పైన చర్మం మాత్రం అస్సలు పీకొద్దు. ఎర్రబడి వేడిగా ఉండి చీము కనపడితే నడక ఆపి డాక్టర్ దగ్గరకి వెళ్ళాల్సిందే. షుగర్ ఉన్నవాళ్ళు అయితే బొబ్బని ఇంట్లో వైద్యంతో సరిపెట్టొద్దు దయచేసి. చెప్పులు లేకుండా నడుస్తాం అని మొక్కుకున్నవాళ్ళకి నేను అడ్డు చెప్పను, కానీ ముందునుంచి అలవాటు లేకపోతే ఆ మొక్కు ఈ నడకకి పెట్టుకోకండి.

దూరం సంగతి. మొదటిరోజు సంకల్పం, పూజలు అయ్యేసరికే మధ్యాహ్నం అవుద్ది, ఆ రోజు నాలుగైదు కిలోమీటర్లు చాలు, లేకపోతే ఓంకారేశ్వర్‌లోనే దక్షిణ ఒడ్డున ఆగి మర్నాడు పొద్దున్నే బయల్దేరినా ఏం కాదు. తర్వాత మోర్టక్కా, ఇండోర్ నుంచి ఖండ్వా వెళ్ళే రోడ్డు నదిని దాటేది అక్కడే, ఖేడీఘాట్ అని కూడా అంటారు, పన్నెండు కిలోమీటర్ల లోపే. ఆ రోజుకి అక్కడితో ఆపేయండి. ఒంట్లో హుషారుగానే ఉంటది, ఇంకో పది కొట్టేద్దాం అనిపిస్తది, కుర్రాళ్ళు మిమ్మల్ని దాటుకుంటూ నర్మదే హర్ అని అరుచుకుంటూ వెళ్ళిపోతుంటారు, వెళ్ళనివ్వండి. కండరాలు నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి కానీ మోకాలి చిప్ప, మడమ నరాలు అంత తొందరగా పడవు, వాటికి టైం ఇవ్వాలి. మొదటి వారం పది నుంచి పన్నెండు, రెండో వారం పదిహేను, ఆ తర్వాత మీ ఇష్టం. పొద్దున వెలుతురు రాగానే బయల్దేరి పదకొండుకల్లా సగానికి పైగా అయిపోయేలా చూసుకోండి, సాయంత్రం నాలుగింటికి ఎక్కడ ఉంటే అక్కడే ఆసన్. చీకటి పడ్డాక నడవొద్దు.

ఆసన్ అంటే మన పక్క, సామాను వేసుకునే చోటు. ఆశ్రమంలోకో గుళ్ళోకో వెళ్ళగానే నర్మదే హర్ అనండి, అదే నమస్కారం, అదే పరిచయం. కిత్నీ మూర్తీ హై అని అడుగుతారు. మొదటిసారి విన్నప్పుడు నేను విగ్రహాల గురించి అడుగుతున్నారనుకుని నా దగ్గర ఏం లేవండీ అని చెప్పా. ఎంతమంది వచ్చారు అని అడగడం అది, పరిక్రమ చేసేవాళ్ళని మనుషుల లెక్కన కాదు మూర్తుల లెక్కన చూస్తారు. ఆ మాట అర్థమైన రోజు రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు నాకు. మగవాళ్ళని బాబాజీ అంటారు, ఆడవాళ్ళని మాతాజీ లేదా మయ్యా, వయసు ఎంతైనా సరే, మీరు కూడా అందర్నీ అలాగే పిలవండి. హిందీ రానివాళ్ళు భయపడక్కర్లేదు, రాత్ రుక్నా హై, ఆసన్ మిలేగా క్యా, అంటే రాత్రికి ఆగాలి, చోటు దొరుకుద్దా అని, ఈ ఒక్క వాక్యం వస్తే సగం పని అయిపోయినట్టే.

తిండి రెండు రకాలుగా దొరుకుద్ది. కొన్నిచోట్ల వండి పెడతారు, భోజన్ ప్రసాదీ అంటారు, ఎక్కువగా పప్పు, మందపాటి టిక్కడ్ రొట్టెలు, లేకపోతే కిచిడీ. కొన్నిచోట్ల సదావర్త్ ఇస్తారు, అంటే పిండి, పప్పు, బియ్యం లాంటి పచ్చి సరుకు, మనమే వండుకోవాలి. ఇచ్చినప్పుడు ఆ పూటకి ఎంత కావాలో అంతే తీసుకోండి, రేపటికి దాచుకోవడం పరిక్రమ పద్ధతి కాదు, పైగా మోసేది మీరే. రెండు పూటలా అన్నం తినే అలవాటున్నవాళ్ళకి మొదటి నాలుగు రోజులు ఆ రొట్టెలతో కడుపు బరువుగా ఉంటది, రాత్రిపూట ఒకటి తగ్గించి తినండి, నీళ్ళు బాగా తాగండి. నీళ్ళ విషయంలో నా మాట, నర్మద నీళ్ళు తీర్థంగా తీసుకోండి, దాహానికి మాత్రం ఆశ్రమంలో బోరు నీళ్ళో చేతిపంపు నీళ్ళో పట్టుకోండి. నదిలో సబ్బు, షాంపూ వాడకూడదు, బట్టలు ఉతకాలంటే బకెట్‌తో నీళ్ళు పైకి తెచ్చుకుని దూరంగా ఉతుక్కోండి, మయ్యా అని పిలిచే నదిలో నురగ వదలడానికి మనసొప్పదు ఎవరికైనా.

తీసుకోవడం నేర్చుకోవడం, ఇది కాళ్ళకంటే కష్టం. జీవితమంతా ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బతికినవాళ్ళం కదా. మూడోరోజు పొద్దున ఒక పల్లెలో పత్తి చేను పక్కనుంచి వెళ్తుంటే ఒక ముసలావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది, చేతిలో స్టీలు గ్లాసులో టీ, సగం దారిలోనే ఒలికిపోయింది, మిగిలింది మూడు గుక్కలు. ఇప్పుడే తాగామమ్మా వద్దు అన్నాను అలవాటుగా. ఆవిడ మొహం అలా వాడిపోయింది, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నాతో నడిచే ఒక పెద్దాయన, ఆయనకిది రెండో పరిక్రమ, వెంటనే ఆ గ్లాసు తీసుకుని తాగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, ముందుకెళ్ళాక నాతో అన్నాడు, ఆవిడ నీకివ్వలేదు బాబూ, మయ్యాకి ఇచ్చింది, వద్దనడానికి నువ్వెవరు. ఆ తర్వాత నేను ఎక్కడా కాదనలేదు. కడుపు నిండుగా ఉంటే ఒక గుక్క, ఒక ముక్క తీసుకోండి చాలు. అడక్కండి, ఇచ్చింది కాదనకండి, ఈ రెండూ మొదటి వారంలోనే అలవాటు చేసుకోవాలి.

మోర్టక్కా దాటాక దారి పొలాలమీదుగా, ఒడ్డు పక్కగా సాగుద్ది, నిమాడ్ ప్రాంతం అది, పత్తి, మిరప, అరటి తోటలు. ఎవరి చేలోంచి వెళ్ళినా గట్టుమీదే నడవండి. రావేర్‌ఖేడీ వస్తది, నది ఒడ్డునే పీష్వా మొదటి బాజీరావు సమాధి ఉంది, 1740 ఏప్రిల్‌లో ఇక్కడే జ్వరంతో చనిపోయాడు. అక్కడ ఒక పూట కూర్చోండి, ఎవరూ ఉండరు, నది ఒక్కటే ఉంటది. ఆ చుట్టుపక్కలే బకావాఁ ఊరు, నర్మద రాళ్ళని చెక్కి నునుపు చేసి శివలింగాలు తయారుచేసేది ఈ ఊళ్ళోనే, ప్రతి ఇంటి ముందూ రాయి కోసే చప్పుడు, తడి రాతి పొడి. కొనాలనిపిస్తది, కొనకండి, రాయి బరువు మోయలేరు, తిరిగొచ్చేటప్పుడు చూసుకోవచ్చు. ఇంకొన్ని రోజులు నడిస్తే అవతలి ఒడ్డున మహేశ్వర్ కనపడుద్ది, అహల్యాబాయి హోల్కర్ కోట, కిందకి దిగే ఘాట్లు, సాయంత్రం దీపాలు. ఇటువైపు ఉండేది నావ్‌డాతోడీ, 1950లలో తవ్వకాలు చేసి మూడున్నర వేల ఏళ్ళనాటి పల్లె బయటపెట్టిన చోటు. పడవలవాళ్ళు రమ్మంటారు, పది నిమిషాల్లో అవతల దింపేస్తాం అంటారు, మనం వెళ్ళకూడదు. ఆ ఒడ్డుకి చేరాలంటే ముందు సముద్రం దాకా వెళ్ళి రావాలి, నెలలు పడుద్ది. నేను ఇటు ఘాట్‌మీద కూర్చుని ఆ దీపాలు ఆరిపోయేదాకా చూశా.

స్నానం గురించి ఒక హెచ్చరిక. పైన పెద్ద పెద్ద డ్యాములు ఉన్నాయి, ఇందిరా సాగర్, ఓంకారేశ్వర్. కరెంటు కోసం నీళ్ళు వదిలితే ఎండాకాలమైనా, చలికాలమైనా నది ఒక్కసారిగా పెరుగుద్ది. 2005 ఏప్రిల్‌లో ధారాజీ దగ్గర అమావాస్య స్నానానికి వచ్చిన ఎంతోమంది అలాగే కొట్టుకుపోయారు. ఒడ్డునే, మోకాలి లోతులో, చెంబుతో స్నానం చేయండి. మధ్యలో రాళ్ళమీదకి ఫోటోల కోసం వెళ్ళొద్దు, సైరన్ వినపడితే బట్టలు, బ్యాగు ఏదీ చూడకుండా పైకి వచ్చేయాలి, రాత్రి ఇసకలో పడుకోవడం వద్దే వద్దు.

ఆడవాళ్ళు ఒంటరిగా వస్తున్నారు ఇప్పుడు, చాలామందిని కలిశా, దారిలో గౌరవం బాగా ఉంటది. అయినా మొదటి వారం మాత్రం ఇద్దరు ముగ్గురున్న జట్టుతో కలవండి, రాత్రికి ఎక్కడ ఉండాలో మధ్యాహ్నానికే తెలుసుకోండి, కుటుంబాలు ఉండే చోటు చూసుకోండి. జట్టు కుదిరింది కదా అని వాళ్ళ స్పీడుకి నడవక్కర్లేదు, సాయంత్రం ఆశ్రమంలో కలుద్దాం అని చెప్పి మీ నడక మీరు నడవండి.

నాలుగోరోజో ఐదోరోజో ఒక సాయంత్రం వస్తది, ఒళ్ళంతా నొప్పులు, ఇల్లు గుర్తొస్తది, ఎందుకొచ్చాన్రా అనిపిస్తది. ఆ రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోకండి, ఇంటికి ఫోన్ చేసి ఏడవడం కూడా వద్దు, వాళ్ళు కంగారుపడి వచ్చేయమంటారు. గోరువెచ్చటి నీళ్ళు దొరికితే ఉప్పు వేసి కాళ్ళు పెట్టుకోండి, పిక్కలకి నూనె రాసుకోండి, సీసాకి హారతి ఇచ్చి పడుకోండి. మర్నాడు అవసరమైతే అక్కడే ఆగిపోండి, ఒక రోజు ఆగితే పరిక్రమకి ఏం లోటు రాదు, ఆశ్రమంలో చీపురు పట్టుకుని ఊడ్చిపెట్టండి, కూరగాయలు తరిగివ్వండి, ఎవరూ వెళ్ళమనరు. ఎల్లుండి పొద్దున షూ తొడుక్కునేముందు పాదాలు ఒకసారి తడిమి చూసుకోండి, మంట లేకపోతే కర్ర తీసుకుని బయల్దేరండి, నది కుడివైపు ఉందో లేదో చూసుకుని.